అక్షరమును మన చేత దిద్దుకొందము

గడచిన సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు ముఖద్వారమున కట్టిన పెద్ద ఫ్లెక్సు పటమును చదువరులలో పలువురు చూచియే యుందురు. రంగులు బాగుగనే యుండెను. సరస్వతీదేవి చిత్రము చక్కగా నుండెను. కాని నడుమ బారెడు పొడవున నున్న మాట మాత్రము ‘వార్షికోత్సవము’ కాదు, ‘వార్‌షికోత్‌సవము’. రకారము నెత్తిన నొక పొల్లు, తకారము నెత్తిన నొక పొల్లు. క్రిందికి దిగి ఒదిగి యుండవలసిన షకార సకారములు వత్తులు గాక, పిలువని పేరంటమునకు వచ్చినట్లు వరుసలో నిలిచియుండెను. అచ్చు వేసినవారికి తెలుగు రాదు. వారి యంత్రమునకు తెలుగక్షరములను కూర్చు పద్ధతి తెలియదు. అందులకు వారిని తప్పుపట్టము. మమ్ము నొప్పించినది వేఱొకటి. ఆ పటము మూడు దినములు అట్లే వ్రేలాడెను. దాని క్రింద విద్యార్థులు నడచిరి, తల్లిదండ్రులు నడచిరి, మాన్యులైన అతిథులు నడచిరి, మేమును నడచితిమి. ఒక్కరును ‘ఇదేమి వ్రాత?’ అని అడుగలేదు. నాలవనాడు దానిని విప్పి మడచుచుండగా, త్రాడు పట్టుకొన్న ఎనిమిదవ తరగతి బాలుడు, “సార్, ఈ అచ్చరాలు ఇరిగిపోయినాయి గదా?” అనెను.

ఆ బాలుని కన్ను చూచినది మా కన్ను చూడలేదు. ఏలయన మేము ఆ మాటను చదువలేదు, ఊహించితిమి. ద్వారమున నేమి వ్రాసియుండునో ముందే తెలియును గనుక అక్షరమును చూడకయే దాటిపోతిమి. తెలుగు జిల్లాలలో నిట్టి పటము కట్టినచో సాయంకాలమునకే ఒకడు నవ్వును, మఱియొకడు ఫోను తీసి చిత్రము పట్టును, అచ్చువాడు సిగ్గుపడి మార్చి యిచ్చును. ఇచ్చట నవ్వువాడు లేడు. అక్షరము విఱిగినదని కనిపెట్టు కన్ను ఊరిలో లేకపోయినచో, భాషను ఇంటిలో నెంతకాలము పలికినను దాని వ్రాత నిలువదు. కావున చేతివ్రాతయు, అక్షరచిత్రణమును, అచ్చక్షరముల రూపకల్పనయు మన తెలుగు తరగతిలో వేడుకగా గాక పాఠముగా నుండవలెనని మా యభిప్రాయము. వారమునకొక గంట చాలును.

మన స్థితిని కొంచెము తలచుకొందము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన నాడే బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. మనము ఇటు నిలిచితిమి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు నాటకములు వ్రాసిన ఊరిది. బళ్లారి రాఘవ వేషము కట్టిన ఊరిది. ఆ పేర్లను సభలలో మనము గర్వముతో చెప్పుకొందుము. కాని బజారున నడచు విద్యార్థికి తెలుగక్షరము ఎన్ని చోట్ల కానవచ్చును? సినిమా పటముల మీద కొంత, పాత దుకాణముల నెత్తిన అక్కడక్కడ, పెండ్లి శుభలేఖలలో మఱికొంత. అంతే. నామఫలకములందు 60 పాళ్లు కన్నడముండవలెనని కర్ణాటక ప్రభుత్వము 2024లో చట్టమును సవరించినది. రాష్ట్రభాషకు ఆ స్థానము తగును. దానిపై మాకు ఫిర్యాదు లేదు. తక్కిన 40 పాళ్లలో ఏ భాష వ్రాయించుకొనవలెనో వర్తకుని యిష్టము. ఆ చోటును ఆంగ్లము నింపుచున్నది. ఇంటిలోను అంగడిలోను తెలుగే మాటలాడు వర్తకుడు గూడ తన ఫలకముపై తెలుగును వ్రాయించుట లేదు. ఏమయ్యా అని యడిగినచో, “రాసేవాడు ఎక్కడున్నాడప్పా?” అనును. ఆ ప్రశ్నకు మనయొద్ద సమాధానము లేదు.

తెలుగక్షరమును గూర్చి మాటలాడినంతనే కన్నడముతో పోటీకి దిగినట్లు కొందఱు తలంతురు. రెండు లిపుల చరిత్ర తెలిసినవారికి ఈ మాట నవ్వు తెప్పించును. ఇవి ఒక తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దుల కాలము శాసనములు చెక్కినవారు ఒకే లిపితో ఉభయ భాషలను వ్రాసిరి. క్రమముగా రెండు చేతివాటములు ఏర్పడినవి. అచ్చుయంత్రము వచ్చిన పిదప ఆ భేదము గట్టిపడినది. నేటికిని గ, జ, ట, డ, ద, న, బ, ర, ల మొదలగు అక్షరముల ఒడలు రెండు లిపులలోను ఇంచుమించు ఒక్కటియే. భేదమంతయు తలకట్టులో నున్నది. మన తలకట్టు పిట్ట ముక్కు వలె పైకి విచ్చుకొనును. వారి తలకట్టు అడ్డముగా సాగి కొనయందు వంగును. కీ, కే, కో అను దీర్ఘములను మనము నెత్తిమీదనే చుట్టి ముగింతుము. వారు దీర్ఘచిహ్నమును ప్రక్కన వేఱుగా నుంతురు. ‘క్ర’ లోని రేఫను మనము ఎడమనుండి అక్షరమును పొదివికొనునట్లు గీయుదుము. వారు కుడివైపున క్రింద తగిలింతురు. క, త, శ వంటివి మాత్రము నిజముగా వేఱుపడినవి.

ఇంకొక విశేషము. తాతగారి పెట్టెలో పాత తెలుగు పుస్తకమున్నచో తెఱచి చూడుడు. ‘ధర్మము’ అను మాట ‘ధమ౯ము’ అన్నట్లుగా అచ్చుపడి యుండవచ్చును. ఆ తొమ్మిది అంకె వంటి గుర్తు వలపలగిలక. ముందు పలుకవలసిన రేఫను వెనుక వ్రాయుట దాని పద్ధతి. తెలుగున అది వాడుకనుండి తొలగినది. కన్నడమున నేటికిని బ్రదికియున్నది. మన పిల్లలకు కన్నడ తరగతిలో ఆ గుర్తు నిత్యము కనబడుచునే యున్నది. అది తమ ముత్తాతలదియు నని ఎవ్వరును చెప్పలేదు. రెండు లిపులను ఎఱిగిన మన విద్యార్థి ఈ విషయమున హైదరాబాదు విద్యార్థికంటె అదృష్టవంతుడని మా నమ్మకము. ఒకే మాటను రెండు లిపులలో ప్రక్కప్రక్కన పెద్దగా వ్రాసి, ఎచ్చట కలియుచున్నవో ఎచ్చట విడిపోవుచున్నవో గీతలతో చూపుట మంచి అభ్యాసము. దానికి మన ఊరిని మించిన చోటు లేదు.

అక్షరరూపము ఆకాశమునుండి ఊడిపడలేదు. వ్రాసిన వస్తువును బట్టి మాఱినది. కడప జిల్లా కలమళ్లలోని 575 నాటి శాసనము తెలుగు భాషలో మనకు దొరకిన మొదటి శాసనమని చెప్పుదురు. దాని చిత్రమును తరగతిలో చూపినచో ఒక్క అక్షరమునైన పిల్లలు గుర్తింపజాలరు. రాతిపై ఉలి నడచిన తీరు వేఱు, తాటియాకుపై గంటము నడచిన తీరు వేఱు. ఆకు ఈనెల వెంబడి తిన్నగా అడ్డగీత గీసినచో చీలును. కావుననే మన యక్షరములు గుండ్రముగా తిరిగినవని పెద్దలందురు. పిదప అచ్చు వచ్చినది. పదునెనిమిదవ శతాబ్ది నడుమ జర్మనీ దేశపు హాలె నగరమున తెలుగు పుస్తకములు అచ్చుపడినవి. 1814లో శ్రీరాంపురమున కేరీ దొర తెలుగు వ్యాకరణము వెలువడినది. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వ్రాయసగాండ్రకు జీతములిచ్చి తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. 1852లో ఆయన నిఘంటువు చెన్నపట్టణమున అచ్చయ్యెను. అదే చెన్నపట్టణమున 1854లో నెలకొన్న వావిళ్లవారి ముద్రణాలయము మన తాతలకు పురాణములను, కావ్యములను అందించినది. మనవంటివారు గమనింపవలసిన దొకటి యున్నది. తెలుగు అచ్చక్షరము పుట్టి పెరిగిన చోట్లలో పెక్కు నేటి తెలుగు రాష్ట్రముల వెలుపలనే యున్నవి. ఎల్లలకు ఆవల నున్నవారు అక్షరమునకు ఏమి చేయగలరని అడుగువారికి ఇది చాలును.

అచ్చక్షరమును రూపొందించుట ఎంతటి పనియో లెక్కకట్టి చూతము. ఆంగ్లమునకు పెద్దవి 26, చిన్నవి 26. మొత్తము 52 రూపములు గీసినచో అక్షరమాల ముగిసెను. మనకు 35 హల్లులు వేసికొందము. తలకొక 12 గుణింత రూపముల చొప్పున 420. తలకట్టుతోనో, తలకట్టు లేకయో నిలుచు మూలరూపములు 35, వత్తులు 35. అచ్చులను చేర్చినచో 500 దాటును. సీసపు అక్షరములు కూర్చిన కాలమున ఆ అరలముందు నిలుచుటయే యొక విద్య. టైపు యంత్రము వచ్చినప్పుడు 90 గుర్తులకు లోబడి మన అక్షరము చేతులు కాళ్లు ముడుచుకొనవలసి వచ్చినది. వత్తు ఒకచోట, గుడి ఒకచోట పడిన ఆ కాగితములను కచేరీలలో చూచినవారు మఱచియుండరు. కంప్యూటరుతో ఈ బంధము తెగినది. 1991లో వచ్చిన యూనికోడు మొదటి సంచికలోనే తెలుగునకు చోటు దొరకినది. పాత పుస్తకములలోని నకారపొల్లునకు గూడ 2021లో స్థానము లభించినది. నేడు సరియైన పద్ధతి తెలిసిన యంత్రము ఎట్టి సంయుక్తాక్షరమునైనను కూర్చగలదు. మన ద్వారముపై అక్షరము విఱిగినది యంత్రమునకు శక్తి లేక కాదు. చూచి చెప్పువాడు లేక.

ఇక అచ్చక్షరముల మాట. దేశికాచారి తిరుమల కృష్ణగారు పోతన, వేమన అను పేర్లతో అక్షరములను రూపొందించి ఉచితముగా నిచ్చిరి. పిదప సిలికానాంధ్రవారు పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ మొదలగు పేర్లతో పెక్కింటిని వెలువరించిరి. మన ఊరికి కూతవేటు దూరమున గాకున్నను, ఒక పూట ప్రయాణములో నున్న హంపీలో కొలువుదీరిన కవుల పేర్లివి! వీనిని ఎవరైనను దించుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చి తమవిగా చేసికొనవచ్చును. ఫాంట్‌ఫోర్జ్ అను ఉచిత సాధనముతో ఒక్కొక్క అక్షరమును తెఱచినచో, గీత ఎచ్చట మొదలైనదో, ఎచ్చట లావెక్కినదో చుక్కలుగా కనబడును. మన కంప్యూటరు గదిలో ఇంతవరకు ఎవరును ఈ పని చేయలేదు. ఉన్న యంత్రములలో ఎల్లప్పుడు ఒకే యక్షరము. ప్రశ్నపత్రమునకు అదే, ఆహ్వానమునకు అదే, సంతాప ప్రకటనకు అదే. పెండ్లికి పోయినను తద్దినమునకు పోయినను ఒకే చొక్కా తొడిగినట్లున్నది.

చేతివ్రాత అనగానే మన పిల్లల నోట వచ్చు పేరు బాపు. 1933లో నరసాపురమున పుట్టి చెన్నపట్టణమున జీవితము గడపి 2014లో కీర్తిశేషులైన ఆ మహనీయుని అక్షరము పుస్తకముల అట్టలపై, సినిమా పేర్లలో, పత్రికలలో తెలుగువారి కంటికి అలవడినది. నేడది కంప్యూటరు అక్షరముగా మాఱి శుభలేఖలకెక్కినది. అది చూచుటకు తొందరలో వ్రాసినట్లుండును. గీత ఒరుగును, సన్నగిలును, ఒక్కసారి లావెక్కును. కాని పకారమును వకారమని ఎవ్వరును పొరపడరు. అక్షరచిత్రకారుడు నేర్వవలసినది అదియే. అయితే, ఒక మాట చెప్పక తప్పదు. గోడపత్రికకు వచ్చు శీర్షికలలో సగము బాపు వ్రాతకు నకళ్లు. నకలు చేసినవారికి ఆ ఒరుగు మాత్రము చేతికి వచ్చినది. ఎందులకు ఒరిగినదో తెలియలేదు. నకలు చేయుట తప్పు కాదు. సంగీతము నేర్చువాడు గురువు పాడినట్లే పాడును. కాని అచ్చటనే ఆగినచో మనకు దక్కునది ఆయన చేయి గాని మన చేయి కాదు.

చేయి ఎట్లు వచ్చును? ఈ విషయమున పాఠశాలలు ఒక పెద్ద పొరపాటు చేయుచున్నవి. అల్లరి చేసిన పిల్లవానిని ‘నూఱు మార్లు వ్రాయుము’ అందుము. వ్రాత శిక్షయైనపుడు అక్షరముపై ప్రేమ పుట్టునా? అఱువదవ మారునకే వానికి కకారము కాలకూటమగును. తెలుగు పండితులలో గూడ ఈ అలవాటు గలవారున్నారు. వారు మమ్ము క్షమింతురుగాక. నూఱు మార్లు చిన్నగా వ్రాయించుటకంటె ఒక్క మారు జానెడు ఎత్తున వ్రాయించుట మేలు. రెండు పెన్సిళ్లను రబ్బరుపట్టీతో జతగా కట్టి, వాని మొనలను ఒకే వాలున నిలిపి అకారము వ్రాసి చూడుడు. గీత తిరిగిన కొలది రెండు గీతల నడుమ చోటు వెడల్పగుచు, సన్నగిలుచు, కలముతో వ్రాసిన అక్షరపు లావు సన్నములు ఎక్కడినుండి వచ్చినవో కంటికి కట్టును. దీనికి పైకము అక్కఱలేదు. వెదురుపుల్లను ఏటవాలుగా చెక్కి సిరాలో ముంచినచో కలమే యగును.

ఈ విద్యకు పునాది మన యిండ్ల ముంగిట నున్నదని ఇంతవరకు ఎవరును గుర్తింపలేదేమో! తెల్లవాఱుజామున చుక్కలు పెట్టి, చేయి యెత్తకుండ వాని చుట్టు పిండిగీతను త్రిప్పు ఆడుపిల్లకు గుండ్రని గీతపై నెంతటి అధికారమున్నదో చూడుడు. లకారము, ణకారము, ఱకారము ఆమె చేతిలో సులువుగా వంగును. మన తరగతిలో ముగ్గు వేయు పిల్లల అక్షరము తక్కినవారి అక్షరముకంటె నిలకడగా నుండుట మేము పలుమార్లు చూచితిమి. మగపిల్లలు ముగ్గు వేయరాదను నియమమెచ్చటను లేదు. వారికిని ఒక సుద్దముక్క యిచ్చి కూర్చుండబెట్టినచో తప్పేమి?

ఈ సంవత్సరమునకు మేము కోరునది గొప్ప పని కాదు. మొదట, ఊరిలో మిగిలిన పాత తెలుగు నామఫలకములను వెదకి, గళ్ల పుస్తకములో కొలత తప్పకుండ ఎత్తివ్రాసికొనవలెను. రంగుతో చేత వ్రాసిన ఫలకములు ఏటేట తొలగి వాని స్థానమున ఫ్లెక్సులు వచ్చుచున్నవి. వ్రాసిన చిత్రకారులలో పెక్కురు వృత్తిని విడిచిరి. వారిలో ఎవరైన మీ వీధిలో నున్నచో పోయి కూర్చుండుడు. గీతకు ముందు సుద్దత్రాడు కొట్టుట, కుంచె వెండ్రుకలను కత్తిరించుట, దూరమునుండి చదువుటకు అక్షరముల నడుమ ఎంత యెడము విడువవలెనో నిర్ణయించుట, ఇవి ఏ పుస్తకమునందును మనకు దొరకవు. రెండవది, ఇంటిలో అవ్వలు, తాతలు వ్రాసిన ఉత్తరములు, పద్దు పుస్తకములు తెచ్చి, ఒక్కొక్క కుటుంబపు ‘శ్రీ’కారమును వేఱు కాగితముపై పెద్దదిగా దించవలెను. ‘శ్రీ’ వ్రాయని పద్దు లేదు. ఏ రెండిళ్ల ‘శ్రీ’యు ఒక్కతీరున నుండదు. ఆ మీదట, చేతనైనవారు ఒక పూర్తి అక్షరమాలకు సాహసింపవలెను. ఐదువందల రూపములని బెదరవద్దు. తరగతిలో ముప్పదిమంది పంచుకొన్నచో తలకు పదునేడు. అయితే పంచుకొన్నప్పుడు ఒకరి తలకట్టు వేఱొకరి తలకట్టుతో పొసగదు. పోట్లాట వచ్చును. ఎవరి తలకట్టు నిలువవలెనో తేల్చుకొనుటలోనే సగము చదువున్నది. ముగిసిన అక్షరమును ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘కర్తృత్వము’ అను మాటలతో పరీక్షింపవలెను. పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకకుండ నిలిచినచో అది అక్షరము. తాకినచో మరల బల్ల యొద్దకు.

పదవ తరగతి పరీక్షలు ముందుండగా ఈ గీతలెందులకని తల్లిదండ్రులు కొందఱు అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు రేపు కళాశాలలో ఏ భాషలో వ్రాయునో, ఏ ఉద్యోగమునకు పోవునో అను చింత వారిని నిద్రపోనీయదని మాకు తెలియును. అక్షరచిత్రణము వానికి ఉద్యోగమిచ్చునని మేము మాట యియ్యలేము. అచ్చుశాలలకును, పత్రికలకును, కంప్యూటరు సంస్థలకును అక్షరము గీయువారు కావలసియున్నారని మాత్రము చెప్పగలము. వారు ఎందఱో చెప్పలేము. మేమడుగునది వారమునకొక గంట. క్రికెట్టునకు అంతకంటె నెక్కువ పోవుచున్నది, దానినెవరును ప్రశ్నింపరు. (మేమును ఆడుదుము, కావున దానిపై పగ లేదు.) దిద్దుబాటు కాగితములలో వ్రాత తెలియక మార్కులు పోవుచున్నవని పండితులవారు ప్రతి పరీక్షకును వాపోవుదురు, ఆ గంట ఆ లెక్కలోనికైన రాదా?

రాబోవు వార్షికోత్సవమునకు ఫ్లెక్సు కట్టవలదని ప్రధానోపాధ్యాయులవారిని కోరితిమి. వారు వెంటనే ఒప్పుకొనలేదు. ‘వాన వచ్చిన నేమి చేయుదురు?’ అనిరి. తెల్లని గుడ్డపై నూనె రంగుతో వ్రాయుదుమని చెప్పితిమి. నమూనా చూపుడనిరి. కన్నడము పైన, తెలుగు క్రింద, రెండును ఒకే కుంచెతో వ్రాయవలెనని మా సంకల్పము. నాడు త్రాడు పట్టుకొన్న బాలుడిప్పుడు తొమ్మిదవ తరగతి. ‘ర్షి’ని, ‘త్స’ను గీయు భారము అతడే కోరి తీసికొనెను. బజారువీధి మలుపున నున్న పాత బట్టల దుకాణపు తెలుగు ఫలకమును దీపావళికి తీసివేయుదురని తెలిసినది. దానిలోని ళకారము వంటిది మన ఊరిలో మఱియొకటి లేదు. వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు దానిని ఎత్తివ్రాసికొనుటకు పోవుచున్నాము. గళ్ల పుస్తకము, పెన్సిలు, కొలబద్ద తెచ్చుకొనుడు. నిచ్చెన దుకాణదారుడు ఇచ్చెదననెను.